నలుగురికి ఒక లాగిన్

విఠలేశ్వరరావు మాస్టారిని ఏదైనా అడిగితే సూటిగా జవాబు రాదని కాకినాడలో ఆయన దగ్గర చదువుకున్నవాళ్లందరికీ తెలుసు. అయినా యామిని అడిగింది. ఆ అమ్మాయికి థర్మోడైనమిక్స్ ఒక్కటే మిగిలిపోయింది. ఈసారి సప్లిమెంటరీలో అది గట్టెక్కకపోతే చేతికొచ్చిన ఉద్యోగం పోతుంది.

"మాస్టారూ, ఫోన్లో ఎన్ని పాఠాలున్నాయో! అన్నీ ఊరికే దొరుకుతున్నాయి. ఏది చూడాలో తేలక ఒక్కటీ పూర్తిగా చూడలేదు. డబ్బు కట్టి ఏదైనా కోర్సు తీసుకోమంటారా?"

మాస్టారు అవుననలేదు, కాదనలేదు. తాను హాస్టల్ వార్డెన్‌గా ఉన్నప్పటి సంగతి ఎత్తుకున్నారు.

ఒకే గదిలో నలుగురు కుర్రాళ్లు. నలుగురూ ఇదే సబ్జెక్టు తప్పారు. ఉచిత పాఠాలు ఫోన్లో దాచుకోవడంలో మాత్రం ఒకరిని మించినవాడు ఇంకొకడు. ఏ సారు బాగా చెబుతాడన్న వాదనతోనే వాళ్ల సాయంత్రాలు గడిచిపోయేవి. చివరికి విసిగిపోయి, తలా కాస్త వేసుకుని ఒక కోర్సు కొన్నారు. తీరా చూస్తే అది ఒకసారికి ఒక్క ఫోన్లోనే తెరుచుకుంటుంది. వాళ్ల తెలివి తెల్లారినట్టే ఉంది!

ఇక వంతులు మొదలయ్యాయి. ఒకడు పాఠం పెట్టుకుంటే మిగతా ముగ్గురూ మంచం చుట్టూ కాపలా. వాడు మధ్యలో క్రికెట్ స్కోరు చూశాడో, "చూడకపోతే లాగౌటవరా!" అని మీద పడేవారు. చూసినవాణ్ణయినా ఊరికే వదిలేవారా? "ఏం చెప్పాడు? మాకూ చెప్పు" అని నిలదీసేవారు. అలా చెప్పీ, చెప్పించుకునీ నలుగురూ పాసయ్యారు. ఆ రోజు వాళ్ల గంతులు చూసి తనకే కళ్లు చెమర్చాయన్నారు మాస్టారు.

తరవాతి సెమిస్టరుకి ఆ గొడవంతా ఎందుకని ఎవరి కోర్సు వారు కొనుక్కున్నారు. గదిలో కీచులాటలు ఆగిపోయాయి. "ఎక్కడికి పోతుందిలే, రేపు చూద్దాం" అనుకున్నారు నలుగురూ. పరీక్షల్లో ముగ్గురు తప్పారు.

యామినికి తొందర. కథలో మొదటి సగమే చెవికెక్కినట్టుంది.

"అంటే డబ్బు కడితేనే శ్రద్ధ కుదురుతుందంటారా?"

"రెండోసారీ కట్టారు కదమ్మా."

మాస్టారే మళ్లీ అన్నారు: "కట్టు, వద్దనను. ముందు ఒకటి చెప్పు. నువ్వు పాఠం చూసి లేచాక, అందులో ఏం చెప్పారని నిన్ను నిలదీసేవాళ్లు ఎవరున్నారు?"