తలారులు కట్టిన గోడ

పంతొమ్మిది వందల ఎనభై మూడు, శ్రావణ మాసం. హిందూపురం వైపు ముసురు పట్టి ఎండ ముఖం చూసి చాలా రోజులైంది. ఆ ముసురులో ఒక పట్టుపురుగుల షెడ్డులో జరిగిన సంగతి ఇది.

ఆ షెడ్డులో పెంచేది విత్తనపు పురుగుల్ని. గూడు కట్టాక పట్టుదారం కోసం వాటిని ఆవిరికి పెట్టి చంపరు. రెక్కలొచ్చేదాకా ఉంచి గుడ్లు పెట్టించుకుంటారు. అందుకని ఆ తట్టల్లో పురుగులకు కాస్త గర్వం ఎక్కువ. పై వరస తట్టలో ఉండే సుంకులమ్మకు అందరికన్నా ఎక్కువ. వేలంత లావున నిగనిగలాడుతూ ఉండేది. గూడు కట్టాలి, రెక్కలు తెచ్చుకోవాలి, తట్ట నిండా గుడ్లు పెట్టాలి. తిన్నా, పడుకున్నా ఆమె ధ్యాస అదే.

ఆమె ఒంటికి ఎడమ పక్కన ఒక నల్లమచ్చ ఉండేది. తట్ట వెదురు పేడు గుచ్చుకున్నప్పుడు పడింది. దాన్ని పక్కనుండే ఈరక్కకు పూటకోసారి చూపించేది. ఈరక్క సన్నటి పురుగు, నిదానంగా తింటుంది.

"చూడు మే. పేడు అంత లోతుకు దిగితే నేను కిక్కురుమన్నానా? లోపల మా తలారులు ఉరికొచ్చినారు. చుట్టూ కూర్చుని నల్లగోడ లేపినారు. దాంతో పీడ పోయింది."

"నా ఒంట్లోనూ ఉండార్లే తలారులు," అంది ఈరక్క.

"ఉంటారు. తిండికి ఉంటారు."

ఒంట్లో తలారులుండే మాట నిజమే. పురుగు నెత్తురు ఎర్రగా ఉండదు, పల్చటి పసుపు. ఆ పసుపులో కంటికి కనపడని కాపలావాళ్ళు పగలూ రాత్రీ గస్తీ తిరుగుతుంటారు. వాళ్ళకు పని నేర్పిన గురువంటూ లేడు. తల్లి గుడ్డులోనే పెట్టి పంపిన ఆజ్ఞ ఒకటి ఉంటుంది. తల్లికి ఆమె తల్లి ఇచ్చింది, ఆమెకు ఆమె తల్లి. మామూలు రోజుల్లో ఆ ఆజ్ఞ నిద్రపోతుంది. ఒంటికి చిల్లు పడి, రాకూడనిది లోపలికి వస్తే లేచి మోగుతుంది. అది మోగితే తలారులు గోడ కడతారు. ఎవరొచ్చారు, ఎందుకొచ్చారు అని అడిగే అలవాటు వాళ్ళకు లేదు.

ఒక మధ్యాహ్నం కిటికీ వల చిరుగులోంచి ఒక ఈగ వచ్చింది. ఇంటి ఈగకన్నా పెద్దది. బూడిదరంగు ఒళ్ళు, వీపు మీద నల్లగీతలు. అట్లాంటి ఈగను ఆ చుట్టుపక్కల ఎవరూ ఎరగరు.

"ఏమక్కా, బాగుండావా?" అంటూ తట్ట అంచు మీద వాలింది. "నాది ఈ ఊరు కాదులే. దూరం నుంచి వస్తాండా. కాళ్ళు పీకుతాంటే ఆగినా."

"రెక్కలున్నోళ్ళకు కాళ్ళు పీకేదేంది?" అంది ఈరక్క ఆకు నములుతూ.

"ఈ పిల్లకు నోరుండాది," అని నవ్వి, ఈగ సుంకులమ్మ పక్కకు జరిగింది. "నువ్వు మాత్రం ఎంత నిండుగా ఉండావక్కా, చూసేకి రెండు కండ్లు చాలవు. ఆ మచ్చేంది?"

అడగడమే ఆలస్యం. సుంకులమ్మ పేడు కథ మొదటినుంచి చెప్పింది. ఈగ కాళ్ళు రుద్దుకుంటూ శ్రద్ధగా వింది.

"గోడ యాడ మొదలుపెడతారక్కా?"

"చిల్లు దగ్గరే. చిల్లు అంచు పట్టుకుని లోపలికి కట్టుకుంటా పోతారు. వచ్చినోడి చుట్టూ తిప్పుతారు. ఊపిరాడక చస్తాడు."

"చిల్లు అంచు పట్టుకుని," అని ఈగ మళ్ళీ అంది. "ఎంత పనిమంతులు. మధ్యలో అలిసిపోయి ఆపరు గదా?"

"మావోళ్ళా? ఆపమన్నా ఆపరు."

"అయితే నాకింక దిగులు లేదు."

"నీకెందుకే దిగులు?"

"నీ గురించేలే అక్కా," అంటూ సుంకులమ్మ వీపును కాలితో తడిమింది. పోతూ పోతూ ఈరక్క మీద కూడా ఒక్క క్షణం వాలి, వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

షెడ్డు గోడ మీద ముసలి బల్లి ఓబన్న గొంతు సవరించుకున్నాడు.

"మిమ్మల్నే. అది మీ ఇద్దరి మీదా చెరొక గుడ్డు అంటించి పోయింది. తెల్లగా సగ్గుబియ్యపు నలకంత ఉండాది. అంచుకు రండి, నాలుకతో పీకేస్తా. దాంతోపాటు కాస్త చర్మం కూడా ఊడుతుంది. తర్వాత చెప్పలేదనొద్దు."

సుంకులమ్మకు ఒళ్ళు మండింది. "నిన్న మా చెల్లెల్ని మింగినోడివి, ఈ పొద్దు వైద్యుడివైనావా?"

"మింగినా. లేదన్నానా? ఇప్పుడు కడుపు నిండుగా ఉండాది. ఆకలైతే మీతో ఇంతసేపు మాట్లాడతానా?"

ఈరక్క తినడం ఆపి కాసేపు ఆలోచించింది. తర్వాత మెల్లగా తట్ట అంచుకు పాకింది. ఓబన్న నాలుక ఒక్కసారి మెరిసింది. గుడ్డు పోయింది. దాంతో వీపు మీద తోలు కూడా పోయి పసుపు నెత్తురు కారింది. ఈరక్క మెలికలు తిరుగుతూ వెనక్కి వచ్చింది.

"పోయి పోయి బల్లి నోట్లో తల పెట్టినావు," అంది సుంకులమ్మ. "నీ తలారుల మీద నీకే నమ్మకం లేదు."

"తోలు ఊడితే పూడ్చేది వాళ్ళకు తెలుసు. ఆ గుడ్డులో ఉండేది లోపలికి దిగితే ఏం చేస్తారో నాకు తెలీదు అక్కా. తెలీనిదానికి నా ఒళ్ళు ఒప్పజెప్పలేను."

"నాకు తెలుసు. కడతారు."

ఇంకో పొద్దు తిరిగాక సుంకులమ్మ మీది గుడ్డు చిట్లింది. అందులోంచి వచ్చిన పిల్లపురుగు ఆమె తోలుకు చిల్లు పెట్టి లోపలికి దిగింది. సుంకులమ్మకు చురుక్కుమంది. ఆ వెంటనే లోపల ఆజ్ఞ మోగడం తెలిసింది. తలారులు గుంపులుగా పరుగెత్తుకొచ్చారు. ఒకరి మీద ఒకరు పడి, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, నల్లగోడ లేపడం మొదలుపెట్టారు. సుంకులమ్మ ఆకు తింటూనే పలకరించింది.

"ఏం పెద్ద తలారీ, అయిందా?"

"లేస్తాండాది తల్లీ. గట్టిగా లేస్తాండాది."

"వాడు చచ్చినాడా?"

"చస్తాడు. ఎంతసేపులే."

సాయంత్రం మళ్ళీ అడిగింది. పెద్ద తలారి గోడకు చెవి ఆనించి నిలబడి ఉన్నాడు. గోడ లోపల ఊపిరి వినిపిస్తోంది. తీరిగ్గా, నిద్రపోయే పసిబిడ్డ తీసినట్టు. చిల్లు అంచు పట్టుకుని గోడ కట్టారు గదా, ఆ చిల్లులోంచి బయటి గాలి గోడ లోపలికి నేరుగా దిగుతోంది. ఊపిరాడకుండా చెయ్యాలని కట్టింది కాస్తా పొగగొట్టమైంది. వాడు దాని అడుగున వెనక భాగం చిల్లు వైపు పెట్టి గాలి పీలుస్తూ, నోరు ఇటువైపు తెరిచి సుంకులమ్మ కొవ్వు తింటున్నాడు.

"మామా," అని లోపల్నుంచి చిన్న గొంతు పిలిచింది. "ఈ పక్క పల్చగా ఉండాది. చలిగాలి కొడతాండాది. ఇంకో వరస వెయ్యరా?"

సుంకులమ్మ నోట్లో ఆకు నోట్లోనే ఉండిపోయింది. తన ఒంట్లోంచి తనది కాని గొంతు. అది తన మనుషుల్నే మామా అంటోంది.

"ఆపండి," అంది.

"ఆపలేం తల్లీ. చిల్లున్నంతసేపూ ఆజ్ఞ మోగుతానే ఉంటుంది."

"అయితే కూలగొట్టండి."

"కూలగొట్టేది మాకెవురూ ఇచ్చి పంపలేదు," అన్నాడు పెద్ద తలారి. చెబుతూనే ఇంకో వరస వేశాడు. ఎవరికి కడుతున్నాడో తెలిసి కూడా చేతులు ఆగలేదు.

మరునాడు ఈగ కిటికీ వల దగ్గరికి వచ్చింది.

"గోడ బాగా వచ్చిందా అక్కా? కొత్త ఊరు, ఇక్కడి తలారులు ఎట్లాంటోళ్ళో, నా బిడ్డకు ఇల్లు కుదురుతుందో లేదో అని నిద్ర పట్టేది కాదు. అంతా నువ్వే విడమరిచి చెప్పినావు. మా ఊరోళ్ళ మాదిరే ఉండారు, చల్లగుండనీ."

సుంకులమ్మ ఆకుల మీద పాకుతూ, పడుతూ తట్ట అంచుకు పోయింది. "ఓబన్నా, ఇప్పుడు తియ్యి. ఎంత తోలు పోయినా సరే."

బల్లి తల వంచి ఆమె మచ్చల్ని చూశాడు. పాతది చిన్నగా ఉంది. చిల్లు చుట్టూ లేచిన కొత్తది దానికి మూడింతలుంది.

"ఇప్పుడు వాణ్ణి తియ్యాలంటే నిన్ను మింగాల్సిందే తల్లీ," అని గోడ పైకి వెళ్ళిపోయాడు.

గూడు కట్టే వేళకు ఇద్దర్నీ పక్కపక్కనే చంద్రిక మీద, అంటే గూళ్ళు కట్టించే వెదురు తడిక మీద వేశారు. సుంకులమ్మ తొందర తొందరగా దారం తీసింది. తన ఒళ్ళు ముందు అయిపోతుందో, గూడు ముందు అయిపోతుందో ఆమెకే తెలీదు. పల్చటి గూట్లోంచి ఆఖరుసారి ఈరక్కను పిలిచింది.

"వాడు ఇంకా అడుగుతాండాడే. మావోళ్ళు ఇంకా కడతానే ఉండారు."

ఈరక్క దారం తీసుకుంటూ ఉండిపోయింది.

మన బలాన్ని మెచ్చుకుంటూ దాని ఆనుపానులు అడిగేవాళ్ళకు, ఎందుకడుగుతున్నారో తెలుసుకోకుండా చెప్పకూడదు.

ఈరక్క వీపు గాయం వల్ల వంకరపోయిన రెక్కలతో బయటికొచ్చి, మిగతావాళ్ళు పెట్టినదాంట్లో సగం గుడ్లే పెట్టింది. సుంకులమ్మ గూటికి లోపలివాడు చిల్లు పెట్టుకుని పోయాడు. ఆమె ఆ గూట్లోనే చచ్చిపోయింది, ఒక్క గుడ్డూ పెట్టలేదు.