నూకాలు డబ్బాలో జంతికలు

అనగా అనగా ఒక రేవు. ఆ రేవు ఇప్పుడుందో, సముద్రం మింగేసిందో నేను చూడలేదు, మా ముత్తవ్వా చూడలేదు. కానీ రేవంటూ ఉండేది. రేవులో పడవలుండేవి. పడవల మీద పోయే మగవాళ్ళుండేవారు, గుమ్మాల్లో కూర్చుని ఎదురుచూసే ఆడవాళ్ళుండేవారు. ఆ ఆడవాళ్ళలో ఒకతె నూకాలు.

నూకాలు గొప్పదేం కాదు. ఇళ్ళవెంట తిరిగి తిరగలి విసిరేది, కూలికి పిండి తెచ్చుకునేది. నలుగురిలో ఉంటే ఉన్నట్టే తెలిసేది కాదు. జంతికలు వండితే మాత్రం వీధి వీధంతా ముక్కులు ఎగబీల్చేది. బియ్యప్పిండిలో కాస్త శనగపిండి, ఇంత వాము, గుప్పెడు నువ్వులు. అందరూ వేసేవే. కానీ మూకుడు ముందు కూర్చుంటే నూకాలు పిలిచినా పలికేది కాదు. నూనెలో నురగ అణిగి చప్పుడు ఆగేదాకా ఆమె చెవి అక్కడే ఉండేది. ఆ జంతిక విరిస్తే టక్కుమని పక్కింట్లోకి వినపడేది.

మొగుడు సింహాద్రి కొబ్బరికాయల పడవ మీద పనివాడు. పోతే ఎనిమిది రోజులు. అత్త పైడమ్మకి నోట్లో ఒక్క పన్ను లేదు గానీ ఆ నోటికి అడ్డూ లేదు. అప్పటికి టీనీళ్ళు కొత్త, పడవలవాళ్ళు తెచ్చిపెట్టిన అలవాటు. పొద్దు వాలితే ముగ్గురూ గుమ్మంలో కూర్చుని తాగేవారు. సింహాద్రి జంతికలు కరకరా నమిలేవాడు. పైడమ్మ తన జంతికని టీలో ముంచి, నానేదాకా పట్టుకుని, అప్పుడు చప్పరించేది.

"నీ పెళ్ళాం జంతికలు సేస్తాదా, మేకులు సేస్తాదా?" అని కొడుకుని అడిగేది.

ముసలమ్మ టీలో ముంచందే జంతిక తినలేదని వీధిలో పిల్లా మేకా అందరికీ తెలుసు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

మొగుడు పడవెక్కే ముందురోజు నూకాలు డబ్బా నిండా జంతికలు వండి మూత బిగించేది. సముద్రం గాలి కొట్టే ఊరు కదా, ఎంత బిగించినా పదిరోజులు దాటితే మెత్తబడిపోతాయి. సింహాద్రి ఆ డబ్బా మీద తట్టి, "ఇయి మెత్తబడేలోపు వచ్చెస్తాను నూకాలా" అనేవాడు.

మొదటిసారి పోయాడు, మెత్తబడేలోపు వచ్చాడు. రెండోసారి పోయాడు, మెత్తబడేలోపు వచ్చాడు. మూడోసారి పోయాడు, గాలివాన వచ్చింది.

పడవ రాలేదు. పడవలో చెక్కముక్క కూడా రాలేదు. పోయినవాళ్ళు ఏడుగురు. అందులో కులపెద్ద అసిరయ్య తమ్ముడూ ఉన్నాడు. నెల చూసి అసిరయ్య ఒక్కో ఇంటికీ వెళ్ళి కర్మలు చేయించాడు. మరదలి చేతి గాజులు దగ్గరుండి తీయించి, ఇంటికెళ్ళి రెండురోజులు అన్నం ముట్టలేదు. చివరికి నూకాలు గుమ్మం ముందుకొచ్చాడు.

"నీళ్ళొదలాల అమ్మీ. ఒదలకపోతే ఆ పేణం తిరుగుతాది" అన్నాడు.

నూకాలు లోపలికెళ్ళి డబ్బా తెచ్చింది.

"మెత్తబడేలోపు వస్తానన్నాడు పెద్దయ్యా. ఇంకా మెత్తబడనేదు. సూడండి."

టక్.

అసిరయ్య ఇంకేమంటాడు? సముద్రం మీదికి పోయినవాడు చెప్పిన గడువు తీరేదాకా అతన్ని పోయినవాడనకూడదు. అది ఆ రేవు కట్టుబాటు. తిరిగి వెళ్ళిపోయాడు.

పడవ పోయిన నాటినుంచీ ప్రతి ఎనిమిదో రోజూ నూకాలు పొయ్యి వెలిగించేది. పాతవి వీధిలో పంచిపెట్టి, కొత్తవి డబ్బాలో నింపేది. వాసన ఊరంతా వచ్చేది. పంచినవి ఊరంతా తినేది. తిన్న నోటితో కాదని ఎవరంటారు?

పైడమ్మే అనేది. "పోనోడు పోనాడు. ఎందాక వొండుతావే?"

"ఆయనొచ్చేదాక అత్తా."

ముసలమ్మ గోడవైపు తిరిగి పడుకునేది. కన్నకొడుకు కదా. కోడలి మాట నమ్మలేదు, నమ్మొద్దనీ చెప్పలేదు.

ఏడాది తిరిగింది. అసిరయ్య మళ్ళీ వచ్చాడు.

"మెత్తబడనేదు పెద్దయ్యా. సూడండి."

టక్. వెళ్ళిపోయాడు.

మూడో ఏడు ముసురు పట్టింది. ఇరవైరోజులు సూర్యుడి మొహం ఎవరూ చూడలేదు. నూకాలుకి జ్వరం తగిలింది, చాప మీంచి లేవలేకపోయింది. పైడమ్మ పొయ్యి దగ్గర కూర్చుని ఊదింది, ఊదింది, ఊదింది. తడికట్టెలు పొగే తప్ప మంట ఇవ్వలేదు. ఎనిమిదో రోజు పోయింది, పదోరోజు పోయింది, పన్నెండో రోజు అసిరయ్య నలుగురు పెద్దల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. నూకాలు కూడా పోతే సింహాద్రికి నీళ్ళొదిలే దిక్కుండదని ఆయన భయం. ఆయన చెడ్డవాడు కాదు, పాపం.

"డబ్బా తియ్యండమ్మా" అన్నాడు.

నూకాలు చాప మీంచి డబ్బా వైపు చూసింది. లోపల ఎలా ఉన్నాయో ఆమెకి తెలుసు. మూత తీసి ఒక్కటి వంచితే గుడ్డపేలికలా వంగుతుంది. వంగితే గడువు తీరినట్టే. సింహాద్రి పోయినట్టే. గాజుల చేతులు రెండూ దుప్పటి కిందికి లాక్కుంది.

పైడమ్మ లేచింది. డబ్బా ఒళ్ళో పెట్టుకుని మూత తీసింది. అసిరయ్య చెయ్యి చాచాడు. ముసలమ్మ ఇవ్వలేదు. ఒక జంతిక తీసి తన నోట్లోనే వేసుకుంది. టీ లేదు, నీళ్ళు లేవు. పెద్దలందరూ చూస్తుండగా వట్టి చిగుళ్ళతో నమిలింది. నమిలి, మింగింది.

"రాయినాగుందిరా అసిరిగా. నా సిగుళ్ళు కోసుకుపోనాయి" అంది.

పెద్దల్లో ఒకడు నోరు తెరవబోయాడు. అసిరయ్య అతని భుజం మీద చెయ్యి వేశాడు. ముసలమ్మ కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి.

"మెత్తబడనేదు. పదండి" అన్నాడు అసిరయ్య.

ఇంటికెళ్ళి జరిగింది చెబితే, బోసిచేతులతో గిన్నెలు తోముతున్న మరదలు చెయ్యి ఆపింది.

"నాకా ఆలోసన రానేదు బావా. వచ్చుంటే నానూ వొండుదును."



మూడోరోజు నూకాలు పోయింది. నుదుట బొట్టుతో, చేతుల గాజులతో పోయింది. ముత్తైదువలాగే సాగనంపారు. పైడమ్మ వీధి చివరిదాకా వెళ్ళి, అక్కడే తడి ఇసకలో కూలబడింది. ఆ సాయంత్రం టీ ఎవరో కాచి ఇచ్చారు. తాగలేదు.

సింహాద్రి వచ్చాడా అంటారేమో. రాలేదు. వచ్చాడని చెబితే మీరు సంతోషిస్తారు గానీ, రానివాణ్ణి వచ్చాడని నేను చెప్పలేను.

ఆ తీరంలో ఇప్పటికీ ఎవరు ప్రయాణమైనా ఇంట్లో డబ్బాడు జంతికలు వండుతారు. పోయేవాడు డబ్బా మీద తట్టి, "మెత్తబడేలోపు వచ్చేస్తా" అంటాడు. కొత్తవి పోసేటప్పుడు, డబ్బా ఎన్నడూ ఖాళీ కాకూడదని పాతది ఒకటి అడుగున ఉంచుతారు. ఇంకొకటి కూడా ఉంది. ఆ ఊళ్ళలో ఎవరింటికెళ్ళినా, టీతోపాటు పెట్టిన జంతిక ఎంత సాగిపోయినా, "మెత్తబడింది" అని ఎవరూ అనరు. తెలియక పిల్లలంటే పెద్దవాళ్ళు నోరు మూస్తారు. ఆ ఇంట్లో ఎవరు ఎవరికోసం చూస్తున్నారో మనకేం తెలుసు?

ఇదిగో, టీ కాగింది. డబ్బా మూత తీస్తున్నాను. వానాకాలం కదా, గాలి తగిలే ఉంటుంది. ఏమనాలో మీకు తెలుసు.