రేగు కంప ఎందుకు చావదు?

ఒకప్పుడు చెట్లకూ పొదలకూ ప్రాణం వేరులో ఉండేది కాదు, కొమ్మ చివర ఉండేది. చివర తుంచితే చాలు, చెట్టు మొత్తం ఎండిపోయేది. చేను బాగుచేసుకోవడం అంత సులువైన పని ఆ రోజుల్లో.

అలాంటి రోజుల్లో ఓబులేసు, సుంకులమ్మ అనే మొగుడూ పెళ్లాలు కొర్రలు చల్లుకుందామని ఒక గుట్ట కిందికి వచ్చారు. నేల ఎర్రగా, మెత్తగా ఉంది. కానీ ఎక్కడ చూసినా రేగు కంపే.

సుంకులమ్మ కొడవలి ఎత్తింది.

"కాస్త ఆగమ్మా. నా మొదట్లో కౌజు పిట్ట గుడ్లు పొదుగుతోంది. పిల్లలు బయటికొచ్చి పరుగులు పెట్టనీ. ఆ తర్వాత నువ్వు నరికినా ఏమీ అనను" అంది ఒక రేగు పొద.

సుంకులమ్మ వంగి చూసింది. ముళ్ల సందున పిట్ట కళ్లు మిలమిలా మెరిశాయి.

"సరే, ఆగుతాం. మాటిస్తున్నా" అంది.

ఇంటికెళ్లి మొగుడికి చెప్పింది. అతను ఊ కొట్టాడు. కానీ ఆకాశంలో మబ్బు చూసి అతనికి కాలు నిలవలేదు. తెల్లారకముందే వెళ్లి పొదలన్నీ నరికేశాడు.

సుంకులమ్మ వచ్చేసరికి గుట్ట కింద అంతా బోడి. నడిమధ్య కౌజు పిట్ట రెక్కలు పరుచుకుని గుడ్ల మీదే ఉంది. ఎండ దాని నెత్తిన కొడుతోంది. సుంకులమ్మ నిర్ఘాంతపోయి, పిట్టకు కొంగు అడ్డం పట్టింది.

"వానొచ్చేట్టుంది. పిట్ట కోసం ఆగితే మన పిల్లలేం తింటారు?" అన్నాడు ఓబులేసు, ఆమె ముఖం చూడకుండా.

ఆమె కంటే ఎక్కువగా నిర్ఘాంతపోయింది నేలతల్లి. ఇచ్చిన మాట తప్పడం ఆమె అంతవరకూ చూడలేదు. తెగిపడిన కొమ్మ చివర రేగు ప్రాణం ఇంకా కొట్టుకుంటోంది.

"పైన ఉండొద్దు, కిందికి రా. నా కడుపులో దాక్కో" అని పిలిచింది నేలతల్లి.

ప్రాణం కొమ్మ నుంచి మట్టిలోకి జారింది. అక్కడి నుంచి వేరు వెంట లోపలికి, ఇంకా లోపలికి దిగిపోయింది.

మర్నాడు ఓబులేసు విత్తనాల మూటతో వచ్చి నిలబడిపోయాడు. నరికిన మోడుకు పచ్చని చిగుళ్లు. చచ్చినది మళ్లీ మొలవడం లోకంలో అదే మొదలు. చేతిలోంచి మూట జారిందని కూడా అతనికి తెలియలేదు.

మళ్లీ నరికాడు. ఒక్క చిగురున్నచోట నాలుగొచ్చాయి. కంపంతా కుప్పవేసి, పిట్ట ఉన్న చోటు వదిలేసి, మోళ్ల మీద నిప్పు పెట్టాడు. వాన పడగానే బూడిదలోంచి ఇంకా గుబురుగా లేచింది. ఓబులేసు గట్టు మీద కూలబడ్డాడు.

కౌజు పిల్లలు ఆ చిగుళ్ల నీడలోనే గుడ్డు పగలగొట్టుకుని, తల్లి వెనక గుట్ట ఎక్కేశాయి.

అప్పుడు సుంకులమ్మ రేగు దగ్గర కూర్చుంది. "పిట్టలు వెళ్లిపోయాయి కదా. ఇప్పుడైనా మా చేను మాకిస్తావా?" అని మెల్లగా అడిగింది.

"ఇద్దామనే ఉందమ్మా. మీరు ఆగి ఉంటే నా అంతట నేనే పోయేదాన్ని. ఇప్పుడు పోవడం నాకు చేతకాదు. నా ప్రాణం ఎంత లోతున ఉందో నాకే తెలియదు" అంది రేగు.

సుంకులమ్మ నేల మీద చెయ్యి పెట్టి, "తల్లీ, దాని ప్రాణం పైకి పంపించు" అని వేడుకుంది.

"ఇచ్చి వెనక్కి తీసుకోవడం నాకు రాదు" అంది నేలతల్లి.

ఓబులేసు ఆ మాట విన్నాడు. గడ్డపార తెచ్చుకుని తవ్వడం మొదలుపెట్టాడు. తవ్వినకొద్దీ వేరు కిందికే పోతోంది.

అప్పటినుంచే రేగు కంప నరికినచోటల్లా నాలుగింతలై లేస్తుంది. కాల్చినా వానకు చిగురిస్తుంది. ఏటా దుక్కికి ముందు రైతు గడ్డపార పట్టుకుని దాని వేరు వెతుకుతూనే ఉంటాడు.