నొచ్చుకోని మాత్ర

సింహాచలం గురువుగారు ప్రశ్నకు నోటితో జవాబు చెప్పడం ఆ వాడలో ఎవరూ ఎరగరు. ఎవరైనా ఏదైనా అడిగితే ఆయన లేచి, చెప్పులు తొడుక్కుని, "పద" అనేవారు. ఆ నడక ఎవరిదో ఒక గుమ్మం ముందు ఆగేది. అక్కడ కనబడింది చూసుకుని, అడిగినవాడు తన జవాబు తానే ఏరుకోవాలి. అందుకని కాలక్షేపానికి ఆయన్ని ప్రశ్నలడిగేవాళ్ళు ఉండేవారు కాదు. ఎండలో మూడు మైళ్ళు నడవడం ఎవరికి సరదా?

ఆ వాడ ఫిజీ దీవుల్లో, చెరకు తోటల మధ్య ఉంది. అక్కడి తెలుగువాళ్ళు ముత్తాతల నాడు విశాఖపట్నం వైపు నుంచి ఓడలెక్కి కూలికి వెళ్ళినవాళ్ళ సంతతి. వాళ్ళ నోట తెలుగు సగం మిగిలింది, రామాయణం పూర్తిగా మిగిలింది. ఆ దీవి అలవాటు ఒకటి వచ్చి చేరింది. అదే కావా. మిరియాల జాతి మొక్క వేరు అది. ఎండబెట్టి దంచి, గుడ్డలో మూటగట్టి, చెక్క తొట్టెలో నీళ్ళు పోసి పిసుకుతారు. బురదనీళ్ళ రంగులో దిగుతుంది. కల్లులాగా కేకలు వేయించదు. నాలుక తిమ్మిరెక్కుతుంది, ఒళ్ళు సడలుతుంది, మనసు నెమ్మదిస్తుంది. దాన్ని కొబ్బరి చిప్పలో పోసి ఇస్తారు. అందుకునేవాడు ఒకసారి చప్పట్లు కొట్టి, ఒక్క గుక్కలో తాగి, చిప్ప తిరిగిచ్చి, మళ్ళీ మూడుసార్లు కొట్టాలి. పెళ్ళయినా, చావయినా, తగవు తీరినా చిప్ప తిరగాల్సిందే. చిప్ప వద్దన్నవాడు ఇచ్చిన మనిషినే వద్దన్నట్టు లెక్క.

దాలినాయుడు ఆ వాడలో దర్జీ. గురువుగారి దగ్గర రామాయణం చదవడం నేర్చుకుంటున్నాడు. ముప్పై నాలుగేళ్ళవాడు. పన్నెండో ఏట మొదలైన మూర్ఛ అతన్ని వదల్లేదు. పొద్దున ఒక మాత్ర, రాత్రి ఒక మాత్ర వేసుకుంటే అది దూరంగా ఉంటుంది. మూడేళ్ళుగా దూరంగానే ఉంది. ఇన్నేళ్ళూ ఏ పందిట్లోనూ అతను చిప్ప ముట్టలేదు. "మా దర్జీకి పాలసీసా తెచ్చారా, మర్చిపోయారా?" అని మగవాళ్ళు నవ్వేవారు. అతనూ నవ్వేవాడు. అలవాటయిపోయింది.

అలవాటు కానిది ఒకటే, అన్న మాట్లాడకపోవడం. నాలుగేళ్ళ కిందట అన్న ఎర్రినాయుడి కూతురికి నిశ్చితార్థం జరుగుతుండగా దాలినాయుడు పందిట్లోనే పడిపోయాడు. మగపెళ్ళివారు తాంబూలాలు అలాగే వదిలేసి లేచారు. "ఈ రోగం నీకు కాదురా, నా గుమ్మానికి పట్టింది" అన్నాడు అన్న. ఆ తరవాత ఇద్దరూ ఎదురుపడితే ఒకరు దారి మార్చుకునేవారు. ఇప్పుడు ఆ పిల్లకి మరో సంబంధం కుదిరింది. పెద్దలు ఇద్దరికీ చెప్పి చూశారు. ఆదివారం సాయంత్రం ఎర్రినాయుడు తమ్ముడి ఇంటికి కావా వేరుకట్ట తెచ్చి క్షమించమని అడుగుతాడు, తమ్ముడు అన్న చేతి చిప్ప తాగుతాడు. దాంతో తగవు చెల్లు. పెద్దలు కుదిర్చిన ఏర్పాటు అది.

గురువారం పొద్దున్నే దాలినాయుడు గురువుగారి అరుగు మీద కూర్చున్నాడు. తెచ్చుకున్న పుస్తకం తెరవలేదు.

"గురువుగారూ, ఆస్పత్రి నర్సమ్మని అడిగాను. కావా తాగితే మూర్ఛ వస్తుందనీ ఖాయంగా చెప్పలేదు, రాదనీ చెప్పలేదు. మాత్రతో కలిస్తే మత్తు ఎక్కువవుతుందంది. కాలేయం పాడయ్యే భయముందంది. రెండూ కలపొద్దంది. సరే, కలపను. శనివారం నించి మంగళవారం దాకా మాత్ర ఆపేస్తాను. ఆ మాత్ర చేసే పనేటి? ఒంటిని నెమ్మది చెయ్యడం. ఈ వేరు చేసేదీ అదే కదా. నాలుగు రోజులు దాని చోట ఇది కూర్చుంటే తప్పేటి?"

"మాత్ర ఆపమని నర్సమ్మ చెప్పిందా?"

"లేదు. అది నేను ఆలోచించుకున్నాను."

గురువుగారు చెప్పులు తొడుక్కున్నారు. "పద."

ప్రతి గురువారమూ గురువుగారు ఎక్కడికో వెళ్ళి మధ్యాహ్నానికి వస్తారని దాలినాయుడికి తెలుసు. ఎక్కడికో తెలీదు. చెరకు బళ్ళ బాట వెంట నడిచి, వాగు దాటి, పక్క వాడ చివర రేకుల ఇంటి ముందు ఆగారు. వసారాలో కుర్చీలో ఒక మనిషి ఉన్నాడు. పక్కకి ఒరిగిపోకుండా అతని నడుముని పాత చీరతో కుర్చీకి కట్టారు. వయసు యాభై దాటదు. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ వచ్చినవాళ్ళ మీదికి తిరగలేదు. ఒకావిడ గిన్నెతో జావ తెచ్చి అతని ఎదుట పీట మీద కూర్చుంది. సూరీడమ్మ ఆమె పేరు. ఆ మనిషి ఆమె భర్త గుంపస్వామి.

"ఈయన ఎవరు గురువుగారూ, కొత్త చుట్టమా?" అంది ఆమె.

"దర్జీ దాలినాయుడు."

"ఓ, పాలసీసా దర్జీ. కూకో తమ్ముడూ."

ఆమె చెంచాతో జావ నోటికి అందించింది. గుంపస్వామి మింగాడు. మింగి, ఒళ్ళో ఉన్న రెండు చేతులూ పైకెత్తి, మెల్లగా చప్పట్లు కొట్టాడు. ఒకటి. రెండు. మూడు. చేతులు మళ్ళీ ఒళ్ళో పడ్డాయి. ఆమె రెండో చెంచా పెట్టింది. మళ్ళీ మూడు చప్పట్లు. దాలినాయుడు మొదట నవ్వబోయాడు. నాలుగో చెంచాకి తల దించుకున్నాడు.

"తొమ్మిదేళ్ళయింది," అంది సూరీడమ్మ, చేతి పని ఆపకుండా. "నా పేరు మర్చిపోయాడు. తన పేరు మర్చిపోయాడు. ఇది మాత్రం మర్చిపోలేదు. నీళ్ళు పోసినా ఇంతే, మందు పోసినా ఇంతే. ఏ సుఖం తలుచుకుని కొడతాడో నాకేం తెలుసు?"

"ఏటయింది అక్కా?"

"నీకున్నదే. మూర్ఛ. మాత్రలు వేసుకునేవాడు. రెండూ కలపొద్దని డాక్టరు చెప్పాడు. మావాడు బుద్ధిగా విన్నాడు. కలపలేదు. ఒకటి మానేశాడు." ఆమె చెంచా గిన్నె అంచుకి గీకింది. "ఏది మానెయ్యాలి అని నాతో లెక్క వేశాడు, ఇదిగో ఈ వసారాలోనే. చిప్ప వద్దంటే ఇచ్చినోడు నొచ్చుకుంటాడే, వాడలో అందరూ నొచ్చుకుంటారు, మాత్ర వద్దంటే నొచ్చుకునేది ఎవరు అన్నాడు. నిజమే కదా అనుకున్నాను. నాకూ తోచలేదు తమ్ముడూ. మాత్రకి మొహమాటం ఏటుంటాది?"

"తరవాత?"

"రెండు రోజులు బాగానే ఉన్నాడు. 'చూశావా, దీంతోనే ఒళ్ళు హాయిగా ఉంది' అన్నాడు. మూడోరోజు పొద్దున పడ్డాడు. ఒకటి తగ్గకముందే ఇంకోటి, అది తగ్గకముందే ఇంకోటి. వాగు పొంగి ఉంది. ఆస్పత్రికి చేర్చేసరికి పొద్దు గూకింది. ప్రాణం దక్కిందన్నారు." ఆమె భర్త గడ్డం మీద కారిన జావ తుడిచింది. "దక్కింది ఇదీ."

దాలినాయుడు అడగకుండా ఉండలేక అడిగాడు. "ఆయనకి చిప్ప ఇచ్చింది ఎవరక్కా?"

సూరీడమ్మ గురువుగారి వైపు చూసింది.

"నేనే," అన్నారు గురువుగారు. "మా అమ్మాయి పెళ్ళి పందిట్లో. వద్దని తల అడ్డంగా తిప్పాడు. గురువు ఇస్తే కాదంటావురా అన్నాను. రెండు చేతులా అందుకున్నాడు. వారం రోజుల పెళ్ళి. అతను పడేదాకా రోజూ ఇచ్చాను. అడగలేదు, మాత్ర వేసుకుంటున్నావా అని. నా ఇంట పెళ్ళి, నా సంబరం నాది."

"ఇప్పుడు గురువారం గురువారం వచ్చి కూకుంటారు," అంది సూరీడమ్మ. "నేను రమ్మనలేదు, వద్దనలేదు. గిన్నె ఖాళీ అయ్యేదాకా ఉంటారు, పోతారు."

గిన్నె ఖాళీ అయింది. చివరి మూడు చప్పట్లూ అయ్యాయి. ఇద్దరూ లేచారు. వాగు దగ్గర దాలినాయుడు "మరి మా అన్న?" అన్నాడు. ఆయన నీళ్ళలో కాలు పెట్టి, లోతు చూసుకుంటూ దాటారు. అంతే.

ఆదివారం ఎండ చల్లబడుతుండగా ఎర్రినాయుడు వచ్చాడు. తెల్ల చొక్కా వేసుకున్నాడు. వెంట పదిమంది పెద్దలు. గురువుగారు చాప మీద ముందు కూర్చున్నారు. ఎర్రినాయుడు వేరుకట్టను రెండు చేతులా పట్టుకుని తమ్ముడి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "ఆ రోజు నోరు జారాను. పిల్ల పెళ్ళికి నువ్వు లేకపోతే నాకు మొహం లేదు," అన్నాడు. దాలినాయుడు కట్ట అందుకుని కళ్ళకద్దుకున్నాడు. అతని కళ్ళలో నీళ్ళు నిండాయి. అంతవరకూ అంతా పెద్దలు అనుకున్నట్టే జరిగింది.

తొట్టెలో కావా పిసికారు. మొదటి చిప్ప గురువుగారికి. ఆయన తాగి, మూడుసార్లు చప్పట్లు కొట్టారు. ఆయనేమీ మానేసిన మనిషి కాదు. రెండో చిప్ప ఎర్రినాయుడు స్వయంగా నింపి, ఒలకకుండా పట్టుకుని తమ్ముడి దగ్గరికి తెచ్చాడు.

దాలినాయుడు గురువుగారి వైపు చూశాడు. ఆయన చాప అల్లిక చూస్తున్నారు.

"అన్నా, నేను తాగను," అన్నాడు దాలినాయుడు. "పొద్దున మాత్ర వేసుకున్నాను, రాత్రికి మళ్ళీ వేసుకోవాలి. నీ కట్ట తీసుకున్నాను. నీ మీద నాకేం లేదు. పెళ్ళికి వస్తాను, పెళ్ళిబట్టలన్నీ నేనే కుడతాను. ఇది మాత్రం తాగను."

"ఒక్క చిప్పరా."

"ఒక్కటీ వద్దు."

"పోనీ పెదవికి తగిలించు. నలుగురి ముందూ నన్నిలా నిలబెట్టకు."

"అన్నా, వద్దు."

వెనక ఎవరో "పాలసీసా" అని గొణిగారు. ఎవరూ నవ్వలేదు. ఎర్రినాయుడు చిప్ప పట్టుకుని అలాగే నిలబడ్డాడు. చిప్ప ఒరిగి కావా చొక్కా మీద ఒలికింది. "నాలుగేళ్ళు ఎదురుచూసి వచ్చానురా నేను," అన్నాడు. "రోగం సాకు. నన్ను క్షమించడం నీకిష్టం లేదు." చిప్పలో ఉన్నది తిరిగి తొట్టెలో పోశాడు. చిప్ప బోర్లించి చాప మీద పెట్టాడు. చెప్పులు వెతుక్కుని బయటికి నడిచాడు. పెద్దలు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని, ఒక్కొక్కరే లేచారు. పోతూ పోతూ ఒకాయన, "వేరుకట్ట వాడికి తిరిగి పంపించెయ్, అదే మర్యాద," అని చెప్పి మరీ పోయాడు.

ఇంట్లో సగం తొట్టె కావా, ఇద్దరు మనుషులు మిగిలారు. దాలినాయుడు మొహం చేతుల్లో పెట్టుకుని కూర్చున్నాడు. "వెళ్ళిపోయాడు గురువుగారూ. ఇంక రాడు," అన్నాడు.

గురువుగారు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. చెరకు తోటల మధ్య బాట మీద తెల్ల చొక్కా ఇంకా కనిపిస్తూనే ఉంది. అది మలుపు తిరిగేదాకా చూశారు.

"తన కాళ్ళతో నడిచే కదా వెళ్ళాడు," అన్నారు.