వల్లికి పని దొరికింది

మల్లవరంలో తెలివికి సన్యాసిరావు కుటుంబం పెట్టింది పేరు. ఆ పేరు పెట్టింది కూడా వాళ్ళే.

"బుర్రని ఊరికే వాడితే అరిగిపోద్ది. పెద్ద పనులకి దాచుకోవాలి" అనేవాడు సన్యాసిరావు. భార్య అచ్చియ్యమ్మ, తమ్ముడు గవరయ్య జాగ్రత్తగా తలలూపేవాళ్ళు, గట్టిగా ఊపితే లోపలి తెలివి ఒలికిపోతుందని. అదంతా తనకే వచ్చిందని కూతురు వల్లి నమ్మకం.

వల్లి ఇంటర్ అయింది. పద్దెనిమిది ఇంకా నిండలేదు. సెలవుల్లో ఏదో ఒక పనిలో చేరాలని ఆమె ఆశ. "నెలాఖరులోగా దొరికితే సరి. లేదంటే మీ అత్త ఇంటికెళ్ళి పేడ ఎత్తు" అన్నాడు తండ్రి. ఆ మాట తలుచుకుంటేనే వల్లి ముక్కు మూసుకునేది.

టీచరమ్మ జాగ్రత్తలు చెప్పింది. "ఒంటరిగా వెళ్ళకు. ఎక్కడికెళ్తున్నావో ఇంట్లోవాళ్ళకి చెప్పు. అసలు సర్టిఫికెట్లు ఎవరి చేతికీ ఇవ్వకు."

ఇంకేముంది, నలుగురూ టౌనుకి బయల్దేరారు. అక్కడ ఒక బేకరీ మేడమీద గదిలో, ఉద్యోగాలిప్పిస్తానని బోర్డు పెట్టుకున్న మీసాలాయన కూర్చున్నాడు.

"అమ్మాయి ఒక్కతే రావాలి" అన్నాడు.

"ఒంటరిగా వద్దన్నారండీ" అంది వల్లి. అంతే, నలుగురూ ఒకేసారి గుమ్మంలో దూరి ఇరుక్కున్నారు. వాళ్ళని లాగేసరికి మీసాలాయనకి చెమటలు పట్టాయి.

"సర్టిఫికెట్లియ్యి. నా దగ్గరే ఉంటాయి."

"చేతికివ్వకూడదండీ" అంటూ గవరయ్య వాటిని ఆయన నెత్తిమీద పెట్టి, ఎగిరిపోకుండా నొక్కిపట్టాడు. "ఊఁ, చూసుకోండి."

"నెత్తిమీదుంటే ఎలా చూస్తానయ్యా!"

"మీకు చదువు రాకపోతే మాదా తప్పు?" అంది అచ్చియ్యమ్మ.

ఆయన పళ్ళు నూరాడు. "సరే, వెనకాల వ్యానుంది. పిల్లని ఇప్పుడే ఎక్కించండి. ఏ ఊరో వెళ్ళాక తెలుస్తుంది."

"అమ్మో, ఇంట్లో చెప్పకుండానా!" అంది వల్లి.

"మీ ఇంట్లోవాళ్ళంతా ఇక్కడే ఉన్నారు కదమ్మా!"

"ఇక్కడున్నవాళ్ళు ఇంట్లో ఉన్నవాళ్ళెలా అవుతారండీ?"

"కరెక్టే" అన్నాడు సన్యాసిరావు. "ఊరి పేరు చెప్పండి. మేం ఇంటికెళ్ళి కూర్చుంటాం. పిల్లొచ్చి చెబుతుంది. మళ్ళీ అందరం వచ్చేస్తాం."

"చెప్పను!" "చెప్పాలి!" అని గోల. కింద కొట్లవాళ్ళంతా పైకొచ్చి, "అవునయ్యా, ఏ ఊరు? ఏం పని?" అని నిలదీశారు. అంతే! మీసాలాయన వెనక మెట్లు దిగి, వ్యానెక్కి పరార్.

"పాపం, వాళ్ళింట్లో చెప్పడం మర్చిపోయినట్టున్నాడు" అన్నాడు గవరయ్య.

పని పోయిందని వల్లి ఏడుపు మొదలెట్టింది. కింద బేకరీ నూకరాజు జాలిపడ్డాడు. "ఏడవకమ్మా. మా దగ్గర బిస్కెట్లు సర్దే పనుంది. పొయ్యిల జోలికి మాత్రం వెళ్ళకూడదు. సాయంత్రం ఆరు దాటాక పిల్లలు లోపల ఉండకూడదు. ఉంటే పని మానిపించేస్తా."

మర్నాడే వల్లి చేరింది. సాయంత్రం నూకరాజు సరుకు ఇవ్వడానికి బయల్దేరుతూ, "నేను రాకపోతే తాళం వేసి, తాళంచెవి మీ పెద్దవాళ్ళకివ్వు" అన్నాడు.

ఆరు కావస్తుండగా ముగ్గురూ వల్లిని తీసుకెళ్ళడానికి వచ్చారు.

"నాన్నా, లోపల పిల్లలుంటే నా పని పోద్ది. బాగా వెతకండి!" అంది వల్లి.

సన్యాసిరావు లోపలికి రాగానే కేకేశాడు. "ఉందే ఒకత్తి! నువ్వే!"

వల్లి ఒక్క ఉదుటున బయటపడింది. అచ్చియ్యమ్మ బల్లల కింద దూరింది. గవరయ్య డబ్బాల మూతలు తీసి చూస్తున్నాడు. గడియారం ఆరు కొట్టింది. ఇంకేముంది, వల్లి టక్కున తలుపు మూసి తాళం బిగించింది. తాళంచెవి పెద్దవాళ్ళకే ఇవ్వాలి కదా, కిటికీలోంచి నాన్న చేతిలో పెట్టింది.

అంతలో నూకరాజు వచ్చాడు. "లోపల ఎవరూ లేరుగా?"

"పిల్లలెవరూ లేరండీ. పెద్దవాళ్ళే ఉన్నారు. నా పని ఉంటుందాండీ?"

నూకరాజు నెత్తి కొట్టుకున్నాడు. "ఉంటుందమ్మా తల్లీ, నీ పనెక్కడికీ పోదు. ముందు ఆ తాళం తియ్యి!"

లోపల్నుంచి సన్యాసిరావు గొంతు వినిపించింది. "కంగారు పడకండి, తాళంచెవి నా దగ్గర భద్రంగా ఉంది! తాళం ఈ వైపు ఎక్కడ పెట్టారో చెప్పండి, చిటికెలో తీసేస్తాను!"