కాగడా మల్లెకు మేక కత్తిరింపు

తంగేడు పొదలు దాటగానే కొండవాలులో ఒక చిన్న పెరడు ఉండేది. అది చెవులమ్మ అనే కుందేలుది. పెరట్లో వెదురు పందిరి, దాని మీద గుబురుగా కాగడా మల్లె. తక్కిన మల్లెలు ఎండల కోసం ముడుచుకుని కూర్చునే చలిరోజుల్లో, మంచులో తడుస్తూ పూసే తీగ అది. అందుకే లేడి చుక్కమ్మ ముందే వచ్చి చెప్పిపోయింది.

"వదినా, పుష్యం దాటగానే మా పిల్ల పెళ్ళి. ఈ చలిలో పూలెక్కడా దొరకవు. పూలజడకి నీ తీగే దిక్కు."

"నాదీ పూచీ. నువ్వు పెళ్ళిపనులు చూసుకో" అంది చెవులమ్మ. అన్నదే గానీ, ఆ రోజు నుంచి దానికి నిద్ర కరువైంది. ఇంకా మొగ్గ జాడే కనబడలేదు మరి.

ఒక పొద్దున గడ్డం గంగన్న అనే మేకపోతు కంచె మీంచి మెడ చాచాడు.

"ఏం అమ్మాయ్, ఇంకా కత్తిరించలేదా? పక్క ఊరి మల్లెతోటలో మనుషులు ఆకు దూసి, కొమ్మలు కోసేస్తున్నారు. కళ్ళారా చూసొస్తున్నా."

"నిజమా బాబాయ్?"

"నా గడ్డం మీద ఒట్టు! కొసలు తెంపితేనే పూత. నీకు కత్తెర లేకపోతేనేం, నాకు పళ్ళున్నాయి. కూలీ గీలీ వద్దులే, అయినవాళ్ళం."

ఆ తోటలో కత్తిరింపులు చెవులమ్మా చూసింది. సరేనని కంచెలో కంప పక్కకు జరిపింది. గంగన్న లోపలికొచ్చి ఒక లేత కొమ్మ పటుక్కున కొరికాడు. నమిలాడు. కళ్ళు మూసుకుని "ఆహా!" అన్నాడు.

అతని నోట్లోంచి జారిన కొసను చెవులమ్మ తీసి చూసింది. ఆకు చాటున జొన్నగింజలంత మొగ్గలు! అప్పుడు దానికి అసలు సంగతి తట్టింది. 'అక్కడి మల్లె ఎండాకాలం పూసేది, దానికి ఇప్పుడు కత్తెర వేస్తారు. పూయబోయే నా తీగకు నేనే కత్తెర తెచ్చుకున్నానే!'

కసిరితే లాభం లేదు. గంగన్న కొమ్ములు ఒక్కసారి విసిరితే పందిరి నేలపాలు. చెవులమ్మ భయం మింగేసి నవ్వింది.

"అయ్యో బాబాయ్, ఎంత తొందర! ఇప్పుడు తింటే ఒక్క పూటకి సరి. కొన్నాళ్ళు ఆగావంటే తీగంతా నువ్వే కత్తిరించొచ్చు."

"అంతా? నేనొక్కణ్ణేనా?"

"నీ మందవాళ్ళకి ఆకు కూడా ఇవ్వను. కాకపోతే తీగకి బలం కావాలి. మేకపెంటికల్ని మించిన ఎరువు లేదంటారు. రోజూ వచ్చి కంచె బయట నిలబడు, చాలు."

"ఓస్, అదెంత పని!"

ఆ రోజు నుంచి గంగన్న తెల్లారేసరికి కంచె దగ్గర హాజరు. పెంటికలు రాల్చడమే కాదు, తన వాటా పోతుందని తక్కిన మేకల్ని కుమ్మి తరిమేవాడు. చెవులమ్మ ఆ పెంటికల్ని ఎండబెట్టి, పొడి చేసి, మొదలుకు కాస్త ఎడంగా మట్టిలో కలిపేది. చలికాలం కదా, మట్టి ఆరాకే నీళ్ళు పోసేది.

పుష్యం దాటేసరికి పందిరి తెల్లబడింది. పెళ్ళినాడు లేడిపిల్ల మెడనుంచి తోకదాకా పూలే. చుక్కమ్మ ఆనందం పట్టలేక చెవులమ్మను వాటేసుకుంది. ఆ రాత్రి చెవులమ్మ ఇన్నాళ్ళకు కాళ్ళు బారజాపుకుని నిద్రపోయింది.

పూత అయిపోయాక కబురు పెట్టింది. "రా బాబాయ్, ఇప్పుడు నీ ఇష్టం!"

గంగన్న ఉరుక్కుంటూ వచ్చాడు. పందిరి మీద ఆకురాలిన ముదురు కొమ్మలు. కొరికితే పళ్ళు జివ్వుమన్నాయి.

"ఇదేమిటే! లేతకొసలేవి?"

"అవన్నీ పూలై పెళ్ళికి వెళ్ళాయి బాబాయ్. కాగడాకి కత్తిరింపు పూశాకే. కానివ్వు, మోకాలెత్తు ఉంచి మిగతాదంతా కొరికెయ్యి. అయినవాళ్ళం, కూలీ కూడా వద్దన్నావుగా!"

పిల్లలూ, సలహా వినే ముందు, చెప్పేవాడి నోరు ఎందుకు ఊరుతోందో చూసుకోవాలి.