ఎండిన మడచెట్ల దిబ్బ

అప్పన్నదాసు గారిని ఏదైనా అడిగితే కూర్చుని జవాబు చెప్పే అలవాటు లేదు. "పద" అని లేస్తారు, అంతే. అడిగినవాడు చెప్పులు వెతుక్కోవాలి.

ఆ వేళ అడిగినవాడు లోవరాజు. మఠానికి పాక వేసిన నాటి నుంచీ ఉన్న మొదటి శిష్యుడు. మొన్న ఏకాదశి భజనలో గురువుగారు తమ తంబురా తీసి, నిన్నగాక మొన్న వచ్చిన నూకరత్నం చేతిలో పెట్టారు. ఆ పిల్ల పాత తత్వాలకు కొత్త వరసలు కడుతుంటే జనం కదలకుండా విన్నారు. లోవరాజుకు గుండెల్లో రాయి పడింది.

"స్వామీ, తరవాత వచ్చినవాళ్ళు చోటంతా ఆక్రమిస్తే, ముందొచ్చినవాడు ఏమైపోతాడు?"

"పద."

నూకరత్నం బెస్తల పిల్ల గనక పడవ తనే నడిపింది. సముద్రం పాటుకు నీళ్ళు వెనక్కి తీసి ఉన్నాయి. ఏరు సముద్రంలో కలిసే చోట, మడ అడవిలో ఇద్దరినీ దింపి తాను పడవలోనే ఉండిపోయింది. బురదలోంచి వేళ్ళు పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి, గాలి కోసం. లోకంలో చెట్లన్నీ వేళ్ళను కిందికి పంపితే, ఈ మడచెట్టు పైకి కూడా పంపుతుంది. ఎన్ని వేల తరాలకు అబ్బిందో ఆ విద్య!

గురువుగారు తిన్నగా లోపలికి, ఎండిపోయిన చెట్ల వైపు నడిచారు. ఆకు లేదు, బెరడు లేదు. తెల్లటి ఎముకలు పాతినట్టున్నాయి. లోవరాజు కాళ్ళు ఆగిపోయాయి. వల్లకాడులా ఉందే అనుకున్నాడు. అంతలో పీతల బొరియల్లో నీళ్ళు బుడబుడమన్నాయి.

"లోవరాజన్నా! పోటొచ్చేత్తంది! ఎండుచెట్ల కాడికెల్లిపో!" పడవలోంచి నూకరత్నం కేక.

"నన్ను ఎండుచెట్ల పాలు చేస్తావటే?" అని అరిచి, అతను పచ్చగా గుబురుగా ఉన్న లేతచెట్ల వైపు పరుగెత్తాడు. పచ్చగా ఉంటే నేల గట్టిగా ఉంటుందని అతని లెక్క. రెండడుగులకే మోకాలి దాకా దిగబడ్డాడు. కాలు లాగబోతే రెండోది తొడదాకా పోయింది. నీళ్ళు నడుముకొచ్చాయి, రొమ్ముకొచ్చాయి. అరుద్దామంటే నోట్లో ఉప్పునీళ్ళు. పచ్చటి ఆకులు నెత్తిమీద నిమ్మళంగా ఊగుతున్నాయి.

"ఆకుల్ని చూడకు, వేళ్ళు పట్టుకుని పాకు," అన్నారు గురువుగారు, ఎండుచెట్ల దగ్గర నుంచి.

పాకాడు. గోళ్ళు ఊడాయి. ఎండిన మొదళ్ళ మధ్య మోకాలికి గట్టినేల తగిలింది. పోటు ఆ దిబ్బ అంచు దాకా వచ్చి ఆగింది. అక్కడ ఉప్పుగడ్డి, ముళ్ళపొదలు, నాలుగు ఈతమొక్కలు బాగానే ఎదుగుతున్నాయి. లోవరాజు లేచి నిలబడి చుట్టూ చూశాడు.

"స్వామీ, సముద్రంలో ఈ దిబ్బ ఎవరు పోశారు?"

"ఈ చెట్లే. ఒకప్పుడు సముద్రానికి ఎదురుగా ఉన్నవి ఇవే. కొట్టుకొచ్చిన ఒండ్రునల్లా వేళ్ళతో పట్టుకున్నాయి. పట్టగా పట్టగా నేల లేచింది. వీటికి ప్రాణమైన ఉప్పునీరు వీటికే అందకుండా పోయింది."

"అయితే... ఇవి చచ్చిపోయినట్టేనా?"

గురువుగారు అతని బురద పాదాల వంక చూశారు.

"ఏమో నాయనా. ఈ నేల మీద నిలబడ్డవాడివి నువ్వు. నువ్వే చెప్పాలి."